గెర్గినా కొట్టుగది

బూట్ల మీద తడిమంచు దులిపి, రేడియేటరు కింద వాటిని పక్కపక్కన పెట్టి, గెర్గినా గొర్రెబొచ్చు చెప్పుల్లోకి పాదాలు దూర్చింది. చీలమండల వాపు ఇదివరకు సాయంత్రాలు వచ్చేది. ఇప్పుడు పొద్దున్నే ఆమెతో పాటు ఆఫీసుకు వస్తోంది. మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, గోరింటాకు రంగు వేసిన జుట్టు, ఆ రంగు కింద పాపిడి పొడవునా పైకొచ్చిన తెలుపు, ఇంట్లో అల్లుకున్న బూడిదరంగు ఊలు కోటు. బల్గేరియాలోని మా రూసె ఊళ్లో ఏ కూరగాయల కొట్టు ముందు చూసినా ఇలాంటి మనిషి ఒకామె వరసలో నిలబడి ఉంటుంది. ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

కరెంటు పొయ్యి మీద రాగిగిన్నెలో కాఫీ పెట్టి, అది పొంగేలోపు కంప్యూటరు తెరిచి చీపురు నడిపింది.

చీపురు అన్నది మేం పెట్టుకున్న ముద్దుపేరు. అదొక తనిఖీ ప్రోగ్రాము. మేం రాసిన కోడునంతా నడపకుండానే, కూర్చుని పుస్తకం చదివినట్టు చదువుతుంది. ఎక్కడ ఒకే ముక్కను నాలుగు చోట్ల అతికించామో, ఎక్కడ ఒక షరతు కడుపులో ఇంకో షరతు, దాని కడుపులో మరోటి పెట్టుకుంటూ పోయామో, ఏ ముక్క ఎవరూ పిలవక మూలన పడి ఉందో వెతికి ఎర్రచుక్క పెడుతుంది. ప్రోగ్రాము లక్షణంగా నడుస్తున్నా సరే, రేపు నీ తర్వాత వచ్చేవాళ్లు దీన్ని చదవలేక తిప్పలు పడతారు సుమా అని చెప్పడమే దాని పని. ఆ చుక్కలు తుడవడం గెర్గినా పని.

డాన్యూబు ఒడ్డునున్న కొన్ని ఊళ్లలో, బాయిలర్ల నుంచి అపార్టుమెంట్ల రేడియేటర్లకు వేడినీళ్లు ఎప్పుడు, ఎంత వెచ్చగా పంపాలో తేల్చేది మా ప్రోగ్రామే. దాన్ని పుట్టించినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. తక్కినవాళ్లం కొత్త కొత్తవి కట్టి చప్పట్లు కొట్టించుకుంటుంటే, ఆమె మా వెనకాల ఊడ్చుకుంటూ వచ్చేది. "చీపురమ్మా" అని ఆటపట్టించేవాళ్లం. "పారబోయండి నాయనా, ఊడ్చేదాన్ని నేనున్నాగా" అనేది.

ఆ పొద్దున తెర నిండా పచ్చచుక్కలే. ఒక్కచోట మాత్రం చుక్కే లేదు, బూడిదరంగు ఖాళీ. అది గెర్గినా కొట్టుగది.

కొట్టుగది సంగతి ఆఫీసంతా ఎరుగును. బయటి చలిని, గాలిని, గొట్టాల్లో నీళ్ల ఒత్తిడిని చూసి ఏ వీధికి ఎంత వేడి కావాలో లెక్కకట్టే కోడు ముక్క అది, మా భాషలో ఫంక్షన్. ప్రోగ్రాముకు గుండెకాయ. రొట్టె కోసం జనం తెల్లారకముందే వరసలు కట్టిన ఆ పాడు చలికాలంలో దాన్ని మొదలుపెట్టింది. తర్వాత ప్రతి చలికాలం ఏదో ఒక ఊళ్లో ఏదో ఒకటి చెడటం, ఈమె ఒక షరతు చేర్చడం. అలా అలా కొండవీటి చేంతాడంత అయింది. దాని నెత్తిన ఒక వాక్యం ఉండేది: "ఇక్కడ చూడొద్దు. ఇట్లు గెర్గినా." అలా రాస్తే చీపురు ఆ ముక్కను దాటిపోతుంది. మా దగ్గర ఒక కట్టుబాటుంది. అలాంటి వాక్యం కింద ఎవరి పేరుంటే వాళ్లే దాన్ని తీయాలి. ఇంకొకళ్లు, చివరికి యజమాని అయినా సరే, చెయ్యి పెట్టకూడదు. ఊరందరి వాకిళ్లూ ఊడ్చిన మనిషి తన కొట్టుగది తలుపు మాత్రం తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదో ఆమెకు బాగా తెలుసు. ఏ ఊళ్లో రేడియేటర్లు చల్లబడినా ఫోను ఆమెకే వచ్చేది. బొత్తాల ఫోను, పాతది, దానికొక ఊలు తొడుగు అల్లింది. కూతురు దారినా పెళ్లిలో అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతుంటే, ఈమె హోటల్లో కోట్లు తగిలించే గదిలో నిలబడి ఏ వాల్వు ఎంత తిప్పాలో చెప్పింది. భర్తను పూడ్చిన మర్నాడు కూడా అది మోగింది. "చచ్చేదాకా వదలరు వీళ్లు" అని విసుక్కునేది. ఆ విసుగులో గర్వం పొంగిపొర్లుతుండేది. అందరికీ తలలో నాలుక అయిన మనిషికి ఆ మాత్రం ఉండదా మరి.

ఇప్పుడేమో సోమవారం ఆమె ఆపరేషనుకు రాజధాని సోఫియా వెళ్తోంది. గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదట. డాక్టరు కాగితం మీద బొమ్మగీసి చూపిస్తే, "మా బాయిలర్ స్టేషన్లోనూ ఇలాంటిది ఒకటుండేది బాబూ, సుత్తితో రెండు తగిలిస్తే దారికొచ్చేది" అందట. ఆయన నవ్వలేదట. నవ్వని డాక్టరును చూశాకే ఆమెకు సంగతి అర్థమైంది. తను తిరిగిరాకపోతే కొట్టుగది తాళం తనతోనే పోతుంది. ఆ తర్వాత చలికాలంలో ఏ ఊరో గడ్డకడుతుంటే, వీళ్లు తెర ముందు కూర్చుని నోళ్లు తెరుస్తారు.

అందుకని ఆకులు రాలే రోజుల నుంచే పని మొదలుపెట్టింది. ఆ చేంతాడును విడదీసి, ఒక్కో షరతును ఒక్కో చిన్న ముక్కగా చేసి, ప్రతిదానికీ ఒక పేరు పెట్టింది. పని ఎప్పుడో అయిపోయింది. పాతదాని చోట కొత్తది పెట్టడం ఒక్కటే మిగిలింది. పెడితే ఇక తనను పిలిచే అవసరం ఎవరికీ ఉండదు. రోజూ రేపు రేపంటూ వాయిదా వేసింది. నిజం చెప్పాలంటే ఆపరేషను కంటే దీనికే ఎక్కువ భయపడింది.

ఇవాళ ఆఖరి రోజు. ఆపరేషను, ఆ పైన పింఛను. ఇక రేపనడానికి లేదు.

"అత్తా, చెయ్యి చాపు."

బిస్త్రా వచ్చింది. చుట్టరికం లేకపోయినా చనువుకొద్దీ అత్తా అంటుంది. గెర్గినా కూర్చునే కుర్చీలో ఇక మీదట కూర్చోబోయేది ఈమే. పొడుగు మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, మాటకు మాట అప్పచెప్పే రకం. మార్చి ఒకటో తారీకు కదా, మా ఆనవాయితీ ప్రకారం ఒకరికొకరు కట్టుకునే ఎరుపు తెలుపు నూలుతాళ్లు చేతినిండా తెచ్చింది. వసంతంలో మొదటి కొంగ కనిపించాకే వాటిని విప్పుతాం. గెర్గినా మణికట్టుకు ఒకటి కట్టి ముడేసింది.

"కొంగ కనిపించేదాకా విప్పకు."

"సోఫియా ఆస్పత్రిలో కొంగలెక్కడివే?"

"కిటికీ పక్క మంచం అడుగు."

"అడిగి పుచ్చుకునే నోరు నీది. నాకు వాళ్లు ఏ మంచమిస్తే అదే."

బిస్త్రా ఇంకో తాడు ఆమె ముందు పెట్టింది. "ఇది నీ ఫోనుకి. నీకంటే అదే ఎక్కువ కష్టపడింది పాపం."

గెర్గినా నవ్వి, ఊలు తొడుగు చుట్టూ ఆ తాడు కట్టింది. కిటికీ బయట కాసేపు ఎండ, కాసేపు మంచు. మేం మార్తవ్వ అని పిలుచుకునే మార్చి నెలకు ఇవాళ మనసు ఒకచోట నిలవడం లేదు.

యజమాని ఒగ్న్యాన్ కోటు విప్పకుండానే లోపలికొచ్చాడు. బట్టతల, పెద్ద బొజ్జ, మనసు మంచిదే గానీ ఏ మాట ఎప్పుడనాలో తెలియదు.

"గెర్గినా, ఫోను ఆస్పత్రికి తీసుకెళ్తావుగా? అంటే, అత్యవసరమైతేనే. ఇంకా చలి పూర్తిగా పోలేదు కదా."

బిస్త్రా అతని వైపు తిరిగింది.

"ఆవిడ గుండె కోస్తుంటే మీరు ఫోను చేస్తారా? కాస్త సిగ్గుండాలి."

ఒగ్న్యాన్ ముఖం ఎర్రబడింది. "సిగ్గులేకే అడుగుతున్నాననుకో. నేనేం చెయ్యను తల్లీ? ఆ కోడు తెరిస్తే నాకు కళ్లు తిరుగుతాయి. ముసలివాళ్లు దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే ఎవర్ని అడగను? నాకు తెలిసింది ఈవిడొక్కతే."

ఇన్నాళ్లూ ఆ మాట గెర్గినాకు తేనెలా ఉండేది. ఇవాళ మాత్రం వినగానే ఒళ్లు జలదరించింది. మత్తులో పడుకున్న తను, పక్క బల్ల మీద మోగుతున్న ఫోను, అవతల ఎవరో "హలో, హలో" అనడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. జాలేసింది, ఒగ్న్యాన్ మీదా, తన మీదా. పొంగుతున్న కాఫీని పొయ్యి మీంచి దింపింది.

"నన్ను అడగక్కర్లేదు. మూగకాఫీకి కూర్చోండి" అంది.

మూగకాఫీ మా ఆఫీసు ఆచారం. చీపురు పచ్చచుక్క పెట్టినంత మాత్రాన మా దగ్గర ఏదీ చెల్లదు. చీపురుకు ఆకారమే తెలుసు, అర్థమైందా లేదా అన్నది దానికి తెలియదు. కాబట్టి ఆ కోడును అంతకుముందు చూడని మనిషి దాన్ని బిగ్గరగా చదివి, ఏం చేస్తుందో చెప్పాలి. రాసినవాళ్లు ఎదురుగా కాఫీ కప్పు పట్టుకుని మూగనోము పట్టాలి. ఒక్క మాట జారినా కోడు వెనక్కి పోతుంది, జారినవాళ్లు అందరికీ బానిత్సా, అంటే జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, కొనిపెట్టాలి. ఒగ్న్యాన్ ఎప్పుడు కూర్చున్నా అందరికీ బానిత్సా దొరికేది.

కొత్తది పెట్టేముందు గెర్గినా ఒక పని చేసింది. పాత కొట్టుగది నెత్తినున్న తన వాక్యాన్ని, తన పేరుతో సహా చెరిపేసి చీపురు నడిపింది. ఎందుకు చేసిందో తెలియదు. పోయేముందు ఒకసారి చూసుకుందామనుకుందేమో.

తెర ఎర్రబడింది. చుక్క మీద చుక్క పడుతూనే ఉంది, పైనుంచి కిందికి, ఎంతకీ ఆగలేదు. ఆ ఫంక్షన్లోకి అడుగుపెట్టినవాడు బయటపడటానికి ఎన్ని దారులున్నాయో చీపురు లెక్కగట్టి చూపిస్తుంది. ఆ అంకె గడిలో పట్టక చివర చుక్కలు పెట్టింది. చుట్టూ నిలబడ్డవాళ్లందరం ముక్కున వేలేసుకున్నాం. అన్ని దారుల్లోనూ ఈమె చీకట్లో కూడా తడుముకోకుండా నడిచేది. ఫోనులో నిద్రమత్తు గొంతుతో చెప్పేది ఆ దారులే. ఒక్క మనిషి తలకాయలో ఇదంతా ఇన్నేళ్లు ఎలా పట్టిందో మాకు అంతుపట్టలేదు. నాకైతే ఆమె పక్కన నిలబడటానికే బెరుకేసింది.

"దేవుడా" అన్నాడు ఒగ్న్యాన్ మెల్లగా. "ఇన్నాళ్లూ మనం దీని మీద కాపురం చేశామా?"

గెర్గినా పాతది తీసి కొత్తది పెట్టింది. తెర పచ్చబడింది, ఒకే ఒక్క ఎర్రచుక్క మిగిలింది. కుర్చీ బిస్త్రాకు ఇచ్చి, తను పక్క ముక్కాలిపీట మీద కూర్చుని, కప్పును రెండు చేతులా పట్టుకుంది.

బిస్త్రా చదవడం మొదలుపెట్టింది. మొదట గబగబా చదివింది, తర్వాత నెమ్మదించింది.

"ఇది 'నదిగాలి'. బయట చలి అంతగా లేకపోయినా, గాలి నది మీంచి వస్తుంటే ఒడ్డు వీధులకు కాస్త ఎక్కువ వేడి పంపుతోంది. ఎందుకంటే..." ఆగింది. గెర్గినా పెదాలు కదిలాయి. కప్పు అంచును పంటికింద పట్టుకుంది. "ఎందుకంటే ఆ ఇళ్ల కిటికీలు నది వైపున్నాయి. సందుల్లోంచి గాలి దూరుతుంది. థర్మామీటరుకు ఆ చలి తెలియదు, లోపలున్న మనుషులకు తెలుస్తుంది. అంతేనా?"

అంతే. ఒక ముసలాయన ఫోను చేసి, మీ అంకెలన్నీ బాగానే ఉన్నాయమ్మా, నా మోకాళ్లే బాగాలేవు అన్న చలికాలం అది. గెర్గినా స్వయంగా బస్సెక్కి పోయి, ఆయన కిటికీ దగ్గర అరచెయ్యి పెట్టి చూసొచ్చింది.

"ఇది 'సోమరి వాల్వు'. తెరవమన్న వెంటనే తెరుచుకోదు కాబట్టి ముందుగానే చెబుతోంది. ఇది 'బడి తెరిచే వేళ'. సెలవుల తర్వాత గోడలు చల్లబడి ఉంటాయని ముందురోజే వేడెక్కిస్తోంది. సెలవుల్లోనూ తగ్గిస్తుందనుకున్నా... ఉండండి, కాదు, ఇదిగో కింద ఉంది, తగ్గించడం వేరే చోట." తప్పుగా అనుకున్నది తనే దిద్దుకుంది. కింది వాక్యమే ఆమెను దిద్దింది.

గెర్గినా ఒళ్లంతా చెవులు చేసుకుని వింటోంది. ఒక్కో పేరు వినపడుతుంటే ఆ చలికాలం వాసనతో సహా వచ్చి ముందు నిలబడుతోంది. తన తలలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేని సంగతులు, ఇంకో మనిషి నోట, ఆ మనిషి సొంత మాటల్లో పలుకుతున్నాయి. కన్నబిడ్డ మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా ఆమె ఇంతగా విస్తుపోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లద్దాలు తీసి ఊలుకోటు అంచుతో తుడుచుకుంది.

బిస్త్రా ఆ మిగిలిన ఎర్రచుక్క దగ్గరకొచ్చింది. "'ప్రసూతి ఆస్పత్రి'. రాత్రిపూట అందరికీ వేడి తగ్గించినా ఈ వీధికి తగ్గించొద్దంటోంది. కానీ దీన్ని ఎవరూ పిలవడం లేదు. చీపురు తీసెయ్యమంటోంది." కాసేపు ఆలోచించింది. "ఆ ఆస్పత్రి ఇప్పుడు లేదు కదా. అక్కడ సోఫాలమ్మే కొట్టుంది."

ఆస్పత్రి మూతపడ్డాక ఒగ్న్యాన్ ఎప్పుడో ఆమె చేతే దాన్ని పిలవడం మాన్పించాడు. లోపలి ముక్కను మాత్రం గెర్గినా ఉంచేసింది. ఆమె మొట్టమొదట రాసిన షరతు అదే. దారినా పుట్టినప్పుడు ఆ ఆస్పత్రిలో రేడియేటరు మంచుగడ్డలా ఉంటే, పసిగుడ్డును రొమ్ముకు హత్తుకుని, మీద కోటు కప్పుకుని తెల్లార్లూ మేలుకుంది. తర్వాత చాన్నాళ్లకు ప్రోగ్రాము చేతికొచ్చినప్పుడు ముందు ఆ వీధి సంగతే చూసుకుంది. ఆ వెచ్చదనంలో ఎంతమంది పుట్టారో ఆమె ఎన్నడూ లెక్కెయ్యలేదు. బిస్త్రా పెద్దకొడుకు కూడా అక్కడే పుట్టాడు.

ఆ సంగతి బిస్త్రాకు అప్పుడే తట్టినట్టుంది. చెయ్యి మీట మీద ఆగిపోయింది. గెర్గినా వైపు చూసింది.

"తీసెయ్యనా అత్తా?"

గెర్గినా చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. మా దేశంలో అది సరేనన్నట్టు.

"తల ఊపితే మాట్లాడినట్టే. బానిత్సా కొనాలి" అన్నాడు ఒగ్న్యాన్.

"కట్టుబాటు నోటికే. తలకి లేదు" అంది బిస్త్రా. మీట నొక్కింది. చివరి చుక్క కూడా పచ్చబడింది.

మూగకాఫీ అయిపోయింది. కప్పులో కాఫీ అలాగే ఉంది, చల్లారిపోయింది. గెర్గినా అడిగింది.

"నేనేమైనా చెప్పాలా?"

బిస్త్రా ఇంకోసారి పైనుంచి కిందికి చూసింది. "అక్కర్లేదు అత్తా. అన్నీ ఉన్నాయి."

ఇన్నేళ్లూ ఊడ్చింది ఆ మాట కోసమే, భయపడిందీ ఆ మాటకే. గుండెల్లో కలుక్కుమంది. వెంటనే, భుజం మీంచి ఎవరో గోనెబస్తా దించినట్టు తేలికైంది కూడా. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో ఆమెకు తెలియలేదు. లేచి, బానిత్సా పళ్లెం మీది గుడ్డ తీసింది. పొద్దున్నే ఇంటి దగ్గర చేసుకొచ్చింది, ఓడినా గెలిచినా తినేది అందరమే కదా అని.

"తినండి. చల్లారితే జున్ను గట్టిపడుతుంది" అంది.

మధ్యాహ్నం దాటాక బూట్లు వేసుకుంది. చెప్పులు సంచీలో పెట్టుకుంది, ఆస్పత్రి నేల చల్లగా ఉంటుందని. ఫోనును ఛార్జరుకు గుచ్చి బల్ల చివర, కిటికీ వైపు పెట్టింది.

"ఫోను మర్చిపోయావు" అన్నాడు ఒగ్న్యాన్.

"మర్చిపోలేదు."

ఆమె గడప దాటుతుంటే బిస్త్రా రాగిగిన్నెలో నీళ్లు పట్టి, అందులో ఒక పచ్చని జెరానియం రెమ్మ వేసి, ఆమె అడుగుల వెనకాల గుమ్మం మీద పారబోసింది. దూరం వెళ్లేవాళ్లకు మేం అలా చేస్తాం.

"నీళ్లలా సాఫీగా పోయిరా అత్తా."

"జారిపడేట్టు చేసి సాఫీగా పోయిరా అంటావేం" అంది గెర్గినా. వీధి మలుపు దాకా ఆమె బూడిదరంగు టోపీ కనిపించింది.

ఆపరేషను బల్ల మీంచి ఆమె లేవలేదు. కొంగలు అప్పటికింకా రాలేదు. దారినా వచ్చి చెప్పినప్పుడు బిస్త్రా మొదట చీపురు నడిపింది. పొద్దున్నే అది నడపాలి కదా అంది. తర్వాత వంటగదిలోకి పోయి తలుపేసుకుంది.

మళ్లీ చలికాలం వచ్చింది. జనవరిలో నది ఒడ్డు వెంట గడ్డకట్టింది. ఎగువ ఊరి నుంచి కబురొచ్చింది, ఒడ్డు వీధిలో ఇళ్లు ఉడికిపోతున్నాయనీ, వెనక వీధి వాళ్లు వణుకుతున్నారనీ. ఒగ్న్యాన్ ముఖం పాలిపోయింది. అతని చెయ్యి తనకు తెలియకుండానే జేబులోంచి ఫోను తీసి, గెర్గినా పేరు దగ్గర ఆగింది.

"ఆగండి. చదువుతున్నా" అంది బిస్త్రా.

'నదిగాలి' తెరిచింది. పెదాలు కదుపుతూ చదివింది. ఆ ఊరివాళ్లకు ఫోను చేసి, ఒడ్డున కొత్తగా ఏమైనా కట్టారా అని అడిగింది. కట్టారట, పెద్ద హోటలు, గాలికి అడ్డంగా. గాలి ఇప్పుడు ఒడ్డు వీధిని వదిలి, పక్కసందులోంచి వెనక వీధి మీద పడుతోంది. బిస్త్రా ఒక్క వాక్యం మార్చింది. చీపురు పచ్చగానే ఉంది. చీకటిపడే వేళకు వెనక వీధిలో రేడియేటర్లు వెచ్చబడ్డాయని కబురొచ్చింది.

ఒగ్న్యాన్ తన ఫోనును జేబులో పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. బిస్త్రా కాఫీ పెట్టింది, తెలియకుండానే ఒక కప్పు ఎక్కువ పెట్టింది.

బల్ల చివర, కిటికీ పక్కన, ఊలు తొడుగులో ఆ బొత్తాల ఫోను అలాగే ఛార్జరుకు ఉంది. దాని చుట్టూ కట్టిన తాడులో ఎరుపు ఎండకు వెలిసి గులాబీరంగుకొచ్చింది. ఆ చలికాలమంతా అది ఒక్కసారి కూడా మోగలేదు.